కత్తికి అరచెయ్యి కొలత కాదు

అమెరికాకి కొత్తగా వచ్చే విద్యార్థుల గ్రూపుల్లో ఒక మెసేజీ చేతులు మారుతూనే ఉంది. సారాంశం ఇది: "ఆత్మరక్షణకి జేబులో చాకు పెట్టుకోండి. బ్లేడు అరచెయ్యి వెడల్పు దాటకుండా, నాలుగు అంగుళాల లోపుంటే ఏ రాష్ట్రంలోనైనా ఓకే. పైకి కనిపించకపోతే చాలు. వంటింటి కత్తికి ఏ రూలూ లేదు. కారులో ఉంటే ఇంట్లో ఉన్నట్టే."

ఇందులో ఒక్క ముక్క కూడా దేశమంతటికీ నిజం కాదు.

"నాలుగు అంగుళాల లోపయితే ఎక్కడైనా ఓకే"

దేశం మొత్తానికి ఒకే కొలత అంటూ లేదు. నాలుగు అంగుళాలన్నది న్యూయార్క్ నగరం లెక్క. అక్కడ బహిరంగ ప్రదేశాల్లో అంతకు చేరిన బ్లేడు ఉండకూడదు. షికాగో, బోస్టన్ నగరాల నిబంధనల్లో అది రెండున్నర. టెక్సస్‌లో 2017 సెప్టెంబర్ 1 నుంచి అయిదున్నర అంగుళాలు దాటిన కత్తిని కూడా పెద్దవాళ్లు వెంట ఉంచుకోవచ్చు. కానీ స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, అమ్యూజ్‌మెంట్ పార్కుల్లోకి అది వెళ్లకూడదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భవనాల్లో మినహాయింపు రెండున్నర అంగుళాల లోపు జేబు చాకుకే. వేలిముద్రలకి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు తాళాల గుత్తికున్న చాకు తీసి ఇంట్లో పెట్టేసి వెళ్లండి.

కొలిచేటప్పుడు పదునున్న మేరకే కొలిచి సరిపెట్టుకోకండి. మొన నుంచి పిడి మొదలయ్యే చోటు దాకా స్కేలు పెట్టి చూడండి. పిడి దగ్గర అర అంగుళం మొద్దుగా ఉండే చాకులు చాలా ఉంటాయి, ఆ అర అంగుళం దగ్గరే లెక్క తప్పుతుంది.

"ఆత్మరక్షణకి పెట్టుకోండి"

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్, జెర్సీ సిటీల్లో మరీను. న్యూజెర్సీ చట్టం జేబు చాకు విషయంలో అంగుళాలు లెక్కపెట్టదు, "ఇది ఇప్పుడు నీ దగ్గర ఎందుకుంది?" అని అడుగుతుంది. ఆ సమయానికి, ఆ చోటికి తగిన న్యాయమైన పని చూపించలేకపోతే అది నాలుగో డిగ్రీ నేరం, పద్దెనిమిది నెలల దాకా జైలు. 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు కార్పెట్ కోసే బ్లేడు కేసొకటి వచ్చింది. దాడి జరుగుతుందేమోనన్న భయంతో ముందుజాగ్రత్తగా ఆయుధం వెంటేసుకు తిరగడం ఈ సెక్షన్ కింద సమర్థన కాదని కోర్టు తేల్చింది. అంటే పోలీసు అడిగినప్పుడు "సేఫ్టీ కోసం సార్" అంటే మన కేసు మనమే రాసిచ్చినట్టు. అట్టపెట్టెలు కోసే ఉద్యోగంలో ఉన్నవాడి జేబులో అదే చాకుంటే సంగతి వేరు.

"కనిపించకపోతే చాలు"

కాలిఫోర్నియాలో సరిగ్గా తిరగబడుతుంది. మడత చాకు మూసి జేబులో వేసుకుంటే రాష్ట్ర చట్టానికి అభ్యంతరం లేదు. మడవని కత్తిని ఒంటిమీద దాస్తే మాత్రం నేరం, ఎంత పొట్టిదైనా సరే. ఒరలో పెట్టి నడుముకి అందరికీ కనిపించేలా వేలాడదీయాలి. న్యూయార్క్ నగరంలో దీనికి పూర్తిగా విరుద్ధం: పని చేస్తుంటే తప్ప చాకు పైకి కనిపించకూడదు, జేబు అంచున బయటికి కనపడే క్లిప్పు కూడా తంటా తెస్తుంది. కాలిఫోర్నియాలోనే ఉన్న లాస్ ఏంజెలెస్ ఇంకో మెలిక పెట్టింది. మూడు అంగుళాలు, ఆపైన ఉన్న బ్లేడుని బయటికి కనిపించేలా పట్టుకెళ్లకూడదని నగర నిబంధన. అయిదంగుళాల మడవని కత్తిని రాష్ట్రం దాచనివ్వదు, నగరం చూపించనివ్వదు! వృత్తి, వినోదం, మతాచారం లాంటివాటికి మినహాయింపులున్నాయి, ఊరికే తిరగడానికి లేదు. టెక్సస్‌లో రాష్ట్ర చట్టాన్ని మించి నగరాలు సొంత రూళ్లు పెట్టే వీల్లేదు, కాలిఫోర్నియాలో ఉంది. అందుకే రాష్ట్రంతో పాటు ఊరి పేరు కూడా పెట్టి వెతకాలి.

"వంటింటి కత్తికి రూలు లేదు"

ఇంట్లో ఉన్నంతవరకూ లేదు. మామూలు షెఫ్ కత్తి ఎనిమిది అంగుళాలుంటుంది, టెక్సస్ గీత దాటినట్టే. దాన్ని పాట్‌లక్‌కని (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకని) అక్కడి క్యాంపస్ భవనంలోకి తీసుకెళ్తే ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసు దాకా పోవచ్చు. కాలిఫోర్నియా చట్టం చూసేది పొడవడానికి వెంటనే పనికొస్తుందా అన్నది, వంటకి చేశారా అన్నది కాదు. పిక్నిక్‌లో పుచ్చకాయ కోయాలంటే కత్తిని అట్టలో చుట్టి, గిన్నెల డబ్బాలో పెట్టి, డిక్కీలో వేసుకెళ్లండి. ఊరినుంచి తెచ్చే కత్తిపీట చెకిన్ సూట్‌కేసులోనే రావాలి, తెరిచినవాళ్ల చెయ్యి తెగకుండా అలుగుకి గుడ్డ గట్టిగా చుట్టి.

"కారులో ఉంటే ఇంట్లో ఉన్నట్టే"

టెక్సస్‌లో కొంతవరకు నిజం. న్యూజెర్సీలో సీటు కింది చాకుకీ జేబులో చాకుకీ అడిగేది ఒకే ప్రశ్న. రాష్ట్రాల మీదుగా వెళ్లేవాళ్ల తుపాకులకి 1986 ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇచ్చింది, అందులో కత్తుల ఊసు లేదు.

కేసు కొట్టేస్తారులే అనుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వీసా దరఖాస్తు డీఎస్-160లోనూ, గ్రీన్‌కార్డు ఫారం ఐ-485లోనూ అరెస్టు గురించే అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు.