పన్నెండు కాలమ్‌లకు జరిగిన అపచారం

వెబ్ పేజీని కంటికి కనిపించని 12 నిలువు పట్టీలుగా, అంటే కాలమ్‌లుగా, విభజించని వారిని ఏం చేయాలన్న విషయంపై సమాజం ఇంతవరకూ తీరిగ్గా ఆలోచించలేదు. పేజీలో ఉన్నది ఒక శీర్షిక, రెండు పేరాలే కావచ్చు. అయినా 12 ఉండి తీరాలి. పేరాను నడుమ 8 కాలమ్‌ల మీద కూర్చోబెట్టి, అటు రెండు, ఇటు రెండు ఖాళీగా వదిలితేనే దానికి మర్యాద. వెడల్పుకు హద్దు పెట్టి, పక్క మార్జిన్లను, అంటే బయటి ఖాళీలను, ఆటోకు వదిలేస్తే రెండు వరుసల కోడ్‌తో పని అయిపోతుందని కొందరంటారు. అయిపోతుంది. అంత తేలిగ్గా అయిపోయే పనికి గౌరవమెక్కడిది?

12ను 2, 3, 4, 6 శేషం లేకుండా భాగిస్తాయి. ఇంతకుమించిన సుగుణం ఏ సంఖ్యకు కావాలి? తన ఐదు సేవలకు ఐదు పెట్టెలు సమానంగా కావాలనే క్లయింటు ఎక్కడో ఒకడు తగులుతాడు. ఐదో సేవను మానుకోమనో, ఆరోది మొదలుపెట్టమనో అతనికి నచ్చజెప్పాలి.

పెద్దలు నియమంగా బతికారు. 2008లో వచ్చిన 960 గ్రిడ్ సిస్టమ్ అనే రెడీమేడ్ కాలమ్‌ల చట్రం పేజీ వెడల్పును 960 పిక్సెళ్లుగా ఖాయం చేసింది. 1024 పిక్సెళ్ల తెరలు వాడుకలో ఉన్న రోజులవి కనుక లెక్క కుదిరింది. తర్వాత ఫోన్లు వచ్చి తెరలను ఇష్టం వచ్చినట్టు కుదించాయి. సంఖ్యకు తెర లోబడాలి గానీ తెరకు సంఖ్య లోబడడమేమిటని ఒక్కరూ నిలదీయలేదు.

2011లో వచ్చిన బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ వెబ్ కోడ్, 2012 నాటి రెండో వెర్షన్‌లో 12ను నిలబెట్టడం పెద్ద ఊరట. దాని మూడో వెర్షన్‌లోని పాలనా దక్షతను ఎంత పొగిడినా తక్కువే. కంటెయినర్ అనే బయటి పెట్టె రెండు పక్కలా 15 పిక్సెళ్ల ప్యాడింగ్, అంటే లోపలి ఖాళీ, మంజూరు చేస్తుంది. లోపలున్న రో, మైనస్ 15 మార్జిన్‌తో దాన్ని రద్దు చేస్తుంది. దాని లోపలి కాలమ్ అదే 15ను మళ్లీ మంజూరు చేస్తుంది. ఒక్క వాక్యం అంచుకు తగలకుండా ఉండడానికి మూడు డివ్‌లు, అంటే కోడ్‌లోని పెట్టెలు, ఇలా శ్రమిస్తాయి.

ఇంతటి వ్యవస్థ నడుస్తుండగా 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ బ్రౌజర్లు, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాషలోనే గడులు గీసుకునే సీఎస్ఎస్ గ్రిడ్‌ను తెచ్చిపెట్టాయి. మూడూ ఒకే నెలలో! బ్రౌజర్లు ఇంత ఐకమత్యం చూపాయంటే లోగుట్టు ఏదో ఉండే ఉంటుంది. ఐదు సమాన భాగాలు కావాలంటే ఐదు అని రాస్తే చాలట. సందులకు గ్యాప్ అని ఒకే ఒక్క నియమమట. పెట్టె కనీస వెడల్పు చెబితే, వరుసకు ఎన్ని పడతాయో తెర వెడల్పుకో నియమం రాసే మీడియా క్వెరీ లేకుండా బ్రౌజరే తేల్చుకుంటుందట. మైనస్ మార్జిన్ల మర్మం తెలిసిన పండితులు ఇక ఏం చేసుకుని బతకాలి?

అధైర్యపడనక్కర్లేదు. సీఎస్ఎస్ గ్రిడ్‌తోనే 12 కాలమ్‌లు గీసి, వాటికి పాత క్లాసుల పేర్లే తగిలించుకునే విజ్ఞులు మనలో ఉన్నారు. బూట్‌స్ట్రాప్ కూడా 5.1 వెర్షన్‌లో సీఎస్ఎస్ గ్రిడ్‌ను ఐచ్ఛికంగా చేర్చుకుని, అందులోనూ 12నే ప్రతిష్ఠించింది. ఆ సంఖ్యను మార్చుకునే వీలూ ఇచ్చారు గానీ, పరువు గలవాళ్లెవరూ దాని జోలికి పోరు.