జీతమా, ముహూర్తమా?

విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి కాస్త ఇవతల, గోడ మీద కూర్చుని ఒక మావయ్యా అల్లుడూ పెట్టుకున్న వాదన ఇది. మావయ్య స్టీల్ ప్లాంట్‌లో 31 ఏళ్లు ఫొటోగ్రాఫర్‌గా చేసి 2020లో రిటైరయ్యారు. అల్లుడు పదేళ్లుగా ఫ్రీలాన్స్. ఆషాఢం కాబట్టి ఆదివారం సాయంత్రం ఖాళీగా దొరికాడు. మధ్యలో నేను, మురీ మిక్చర్ పొట్లంతో. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుని బతికేవాణ్ని. నా పనిలో సగం అల్లుడి దగ్గర్నుంచే వస్తుంది, అందుకని నా తీర్పును మరీ నమ్మకండి.

సంగతేమిటంటే, సిటీలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి వాళ్లు అల్లుడికి నెలకు 42 వేల జీతం మీద ఫొటోగ్రాఫర్ ఉద్యోగం ఇస్తామన్నారు. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాలి. మావయ్య చేరమంటారు, అల్లుడు చేరనంటాడు. ఓడినవాళ్లు టీ డబ్బులివ్వాలి.

మావయ్య: ముందు లెక్క చెప్పు. కిందటి నెల ఎంతొచ్చింది?

అల్లుడు: జ్యేష్ఠంలో లక్షా పది. ఆషాఢంలో ఇప్పటికి పదకొండు వేలు.

మావయ్య: నేను జూన్, జూలై అడుగుతుంటే నువ్వు జ్యేష్ఠం, ఆషాఢం అంటావేంట్రా! చూశావా, అక్కడే తెలిసిపోయింది. నాకు ఒకటో తారీఖు ఉండేది. నీకు పంచాంగం ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఇవి చాలవన్నట్టు గురు మూఢం, శుక్ర మూఢం. ఎక్కడో ఆకాశంలో శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వెళ్తే ఇక్కడ మీ ఇంట్లో ఎసరు ఆగిపోతుంది.

అల్లుడు: ఆగదు మావయ్యా. పెళ్లిళ్లు లేకపోతే వేరే పనులుంటాయి. మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణ తీశాను. మధురవాడలో ఫ్లాట్లు తీశాను. ఒక హోటల్ వాళ్లకి డెలివరీ యాప్‌లో పెట్టుకోడానికి 40 ఐటమ్‌లు తీశాను.

మావయ్య: గిరి ప్రదక్షిణకి ఎవరిచ్చారు డబ్బులు?

అల్లుడు: ...ఎవరూ ఇవ్వలేదు.

మావయ్య: 32 కిలోమీటర్లు!

అల్లుడు: నడక పుణ్యం అనుకో.

(ఇక్కడ మావయ్యకి ఒక పాయింటు రాసుకున్నాను. నిజానికి ఆ ఫొటోలు చాలా బాగున్నాయి. తెల్లవారుజామున హనుమంతవాక దగ్గర ఒక ముసలమ్మ ఫుట్‌పాత్ మీద కూర్చుని మనవడిచేత కాళ్లు నొక్కించుకుంటున్న ఫొటో ఒకటుంది. అది ఎవరూ కొనరు.)

మావయ్య: పోనీ, ఆ లక్షా పదిలో నీకు మిగిలిందెంత?

అల్లుడు: అందులో పెద్దది ఒక పెళ్లి, 90 వేలు. రెండో కెమెరా కుర్రాడికి 12 వేలు, వీడియోకి 20, డ్రోన్‌కి 8, ఆల్బమ్‌కి 15, ఎడిటింగ్‌కి 10. నాకు 25.

మావయ్య: అంటే 90 వేల పెళ్లిలో నువ్వు పాతిక వేల మనిషివి. దాంట్లోంచే లెన్సు ఈఎంఐ. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. జ్వరం వచ్చిందని ముహూర్తం వాయిదా వేయమనగలవా?

అల్లుడు: 102 జ్వరంతో తీశాను ఒకటి, భీమిలిలో. ముహూర్తం రాత్రి 2.38కి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో కళ్లు బైర్లు కమ్మాయి. షట్టర్ నొక్కింది నేనో, వేలో తెలీదు.

మావయ్య: గొప్పగా చెప్తున్నాడు చూడు! అది చెప్పుకోవాల్సిన సంగతా?

అల్లుడు: కాదు. కానీ నువ్వడిగావు.

మావయ్య: కంపెనీల డబ్బులు ఎప్పుడొస్తాయి?

అల్లుడు: (ఉప్పులేని ఉప్మా తింటున్న మొహంతో) ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీకి రొయ్యల ఫొటోలు తీశాను. కోల్డ్ స్టోరేజ్‌లోంచి బయటికి రాగానే లెన్సు మీద పొగమంచు పట్టేస్తుంది, అరగంట ఆగాలి. ఆగాను. బిల్లుకి మాత్రం ఏడు నెలలు ఆగాల్సొచ్చింది. అందులోనూ 10 శాతం టీడీఎస్ అని పన్ను ముందే కోసుకునే ఇచ్చారు.

మావయ్య: నేనిక మాట్లాడను. కేసు అయిపోయింది.

అల్లుడు: డబ్బు కేసు అయిపోయింది, ఒప్పుకుంటున్నాను. పని సంగతి ఇంకా మొదలే పెట్టలేదుగా! ఆ ఆసుపత్రిలో నేనేం తీయాలో తెలుసా? డాక్టర్లు చేతులు కట్టుకుని నవ్వుతున్న ఫొటోలు. కొత్త మెషీన్ వస్తే రిబ్బన్ కటింగ్. డాక్టర్స్ డే, నర్సెస్ డే, మళ్లీ రిబ్బన్ కటింగ్. మూడో నెలకి నా కళ్లు నిద్రపోతాయి.

మావయ్య: ఒకే చోట ఉంటే కళ్లు నిద్రపోతాయని ఎవరు చెప్పార్రా నీకు?

(ఇక్కడ మావయ్య గొంతు మారింది. ఇంతసేపూ జీతం గురించి మాట్లాడిన మనిషి గోడ మీంచి దిగి నిలబడ్డారు.)

మావయ్య: ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు, ఇనుము కరిగించే పెద్ద కొలిములు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. గోదావరి 1990లో మొదలైంది, అప్పటికి నేను చేరి ఏడాది. ట్యాపింగ్, అంటే రంధ్రం తెరిచి కరిగిన ఇనుము బయటికి వదలడం, ఎన్నిసార్లు తీసుంటాను? లెక్కలేదు. మొదట్లో నేనూ నీలాగే మెరుపులు తీసేవాణ్ని. రంధ్రం తెరవగానే నిప్పురవ్వలు ఎగురుతాయే, అవి. చూసినవాళ్లందరూ అబ్బా అనేవాళ్లు. నిజానికి ఆ ఫొటోలో ఏమీ లేదు, దీపావళి చిచ్చుబుడ్డి. ఇనుము 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని వెలుతురుకి ఎక్స్‌పోజర్ పెడితే పక్కనున్న మనిషి నల్ల బొమ్మయిపోతాడు. మనిషికి పెడితే ఇనుము తెల్ల సున్నమైపోతుంది. ఫిల్ము రోజులు, రోల్‌కి 36 ఫొటోలు, వెనక్కి తిప్పి చూసుకునేది లేదు. నాలుగైదేళ్లకి తెలిసింది నాకు. మెరుపులు తగ్గాక, ఇనుము నిదానంగా కాలవలో పారుతున్నప్పుడు ఆ ఎర్ర వెలుగు మెల్లగా పైకి లేచి మనిషి గడ్డం కిందనుంచి మొహం మీద పడుతుంది. చెమట చుక్క కూడా కనిపిస్తుంది. ఒక్కసారి వెళ్లొచ్చినవాడు ఆ మొహం తీయలేడు. నువ్వు వెళ్లినా మెరుపులు తీసుకుని వచ్చేస్తావు. నువ్వు రోజుకో చోటికి వెళ్తావు సరే, ఎక్కడికైనా రెండోసారి వెళ్లావా?

(అల్లుడు వెంటనే మాట్లాడలేదు. నేను మిక్చర్‌లో ఉల్లిపాయ ముక్కలు ఏరుకున్నాను. నన్నడిగితే ఈ సాయంత్రం మొత్తంలో బలమైన మాట ఇదే. ఎక్కువమంది ఫ్రీలాన్సర్ల ఆల్బమ్‌లు నా చేతుల మీదుగానే వెళ్తాయి కాబట్టి చెప్తున్నాను. అరకులో ఒకే వంపు, రుషికొండలో ఒకే రాయి, మనుషులు మాత్రం మారుతుంటారు.)

అల్లుడు: వెళ్లాను. ఏటికొప్పాకకి.

మావయ్య: బొమ్మలకా?

అల్లుడు: లక్క బొమ్మలకే. 2017లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకన్న ముద్ర, వచ్చాక కేటలాగులు అడిగేవాళ్లు పెరిగారు. మొదటిసారి ఒక్కటీ కుదరలేదు మావయ్యా. అంకుడు కర్ర బొమ్మకి పొట్ట గుండ్రంగా ఉంటుంది, పైన లక్క అద్దంలా ఉంటుంది. ఆ పొట్టలో నా లైటు, కిటికీ, నేను, నా వెనక తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడు, అందరం ఉన్నాం. రెండోసారి చుట్టూ ట్రేసింగ్ పేపర్ గుడారంలా కట్టి, లెన్సు పట్టేంత కన్నం పెట్టి తీశాను. ప్రతిబింబాలన్నీ పోయాయి. బొమ్మ కూడా పోయింది.

మావయ్య: అంటే?

అల్లుడు: మెరుపు మొత్తం తీసేస్తే లక్కలా కనిపించదు, సుద్దముక్కకి రంగేసినట్టుంటుంది. మూడోసారి పేపర్‌లో ఒక పక్క సన్నగా చీలిక వదిలాను. పొట్ట మీద దారంలా ఒక్క తెల్లగీత. అంతే, లక్క అయింది. ఆ గీత నాకు పెళ్లిలో పనికొచ్చింది తెలుసా? రాత్రి 2 గంటలకి పెళ్లికూతురు నుదుటి మీద చెమట, మెడలో బంగారం. అందరూ ఎదురుగా ఫ్లాష్ కొడతారు, మనిషి నూనె పూసిన విగ్రహంలా వస్తుంది. నేను పక్కనుంచి లైటు పెట్టి ఆ ఒక్క గీత ఉంచుతాను. నీ ఫర్నేస్ నీకు ఫర్నేస్ గురించి నేర్పింది. నా బొమ్మ నాకు పెళ్లికూతురి గురించి నేర్పింది.

మావయ్య: (నాతో) వీడు బాగానే మాట్లాడుతున్నాడేంటి?

నేను: పాయింటు రాసుకున్నాను మావయ్యగారూ.

అల్లుడు: ఇంకోటుంది. నా ఫొటోలు నావి. ఆసుపత్రిలో చేరితే తీసిన ప్రతిదీ వాళ్లదే.

మావయ్య: (నవ్వి) నీ ఫొటోలు నీవని ఎవరన్నారు?

అల్లుడు: నేను తీశాను కదా!

మావయ్య: 1957 కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్ చదువుకో. ఉద్యోగంలో భాగంగా తీస్తే హక్కు యజమానిది, అంతవరకు నువ్వన్నది నిజం. కానీ ఒకరు డబ్బులిచ్చి ఫలానాది తీసిపెట్టమంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటోకి మొదటి హక్కుదారు డబ్బులిచ్చినవాడే. నీ పెళ్లి ఫొటోలు పెళ్లివారివి. నీ రొయ్యలు, ఏడు నెలలు తిప్పించుకున్న ఆ కంపెనీవి.

అల్లుడు: వేరే ఒప్పందం లేనప్పుడు అన్నావు కదా. నేను రాయించుకోవచ్చు. నువ్వు రాయించుకోగలిగేవాడివా?

మావయ్య: రాయించుకున్నావా?

అల్లుడు: ...వాట్సాప్‌లో కొటేషన్ పంపుతాను.

మావయ్య: కొటేషన్! (టీ బండి వైపు చూస్తూ) అల్లం టీ, పంచదార తక్కువ.

అల్లుడు: ఇంకా అవలేదు, ఆగు.

(డ్రోన్ గురించి కాసేపు గొడవపడ్డారు. దాంట్లో ఇద్దరిదీ ఒకే పక్షం కాబట్టి క్లుప్తంగా చెప్తాను. నేవీ స్థావరాలకి 3 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదని 2021లోనే చెప్పారు. విశాఖలో నేవీ లేని వైపు వెతుక్కోవాలి, ఊళ్లో ఉన్న ఎయిర్‌పోర్టు కూడా వాళ్లదే. కానీ పెళ్లికూతురి తండ్రికి బీచ్‌లో పైనుంచి షాట్ కావాలి. కుదరదంటే "అందరూ ఎగరేస్తున్నారు, మీకేం నొప్పి?" అంటాడు. ఉద్యోగస్తుడైతే కాగితం మా ఆఫీసు చూసుకుంటుందంటాడు. ఫ్రీలాన్సర్ ఒక్కడే నిలబడి కాదనాలి, బుకింగ్ పోగొట్టుకోవాలి.)

మావయ్య: సరే, ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఇన్ని పనుల్లో ఇది నేనే చేయాలి అనిపించింది ఎన్నిసార్లు?

అల్లుడు: (సముద్రం వైపు చూస్తూ) 2023 నవంబర్ 19. ఫిషింగ్ హార్బర్ తగలబడిన రాత్రి. సుమారు 40 పడవలు. మంటలు అందరూ తీశారు, నేనూ తీశాను. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. ఒకాయన నా మెడలో కెమెరా చూసి దగ్గరికొచ్చి, "బాబూ, నా పడవ నంబరు పడేలా ఒక ఫొటో తియ్యి, నష్టపరిహారానికి కావాలి" అన్నాడు. పడవంటే అక్కడేముంది, నీళ్లలో తేలుతున్న బొగ్గు. నంబరున్న చెక్క ముక్క పట్టుకుని నిలబడ్డాడు. తీశాను. ఆయన వెనక ఇంకొకాయన వచ్చాడు. మధ్యాహ్నం దాకా అదే పని. దగ్గర్లో ఒక ఫొటోకాపీ షాపులో ప్రింట్లు తీయించి ఇచ్చాను.

మావయ్య: ఎంత తీసుకున్నావు?

అల్లుడు: ప్రింట్ డబ్బులు ఇచ్చినవాళ్లు ఇచ్చారు.

మావయ్య: (కాసేపాగి) హుద్‌హుద్ తుఫాను అప్పుడు నేనూ అదే చేశాను. 2014 అక్టోబర్ 12 దాటాక, పది రోజులు ఎగిరిపోయిన రేకులూ విరిగిన షెడ్లూ తీశాను, అన్నీ నష్టం ఫైళ్ల కోసం. ఒక్కటీ అందమైన ఫొటో లేదు. కానీ నాకా పది రోజులూ జీతం వచ్చింది, భోజనం వచ్చింది. నువ్వు ఆ పూట ఏం తిన్నావు?

అల్లుడు: గుర్తులేదు.

మావయ్య: అదీ నా బాధ. నువ్వు తీసేది తప్పని నేననడం లేదు.

(ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. గాలి అటు తిరిగింది. అల్లుడు అలవాటుగా బ్యాగు జిప్పు మూశాడు. ఉప్పుగాలికి లెన్సు మీద బూజు పడుతుందని వాడి భయం. ప్లాంట్‌లో కెమెరాలకి ఏసీ గది ఉండేదని మావయ్య ఎన్నోసారో చెప్పారు. వాడి దగ్గర గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు ఉంటాయి. అయినా పోయినేడు వానల్లో ఒక లెన్సు పోయింది.)

మావయ్య: ఇంతకీ వాళ్లు ఎప్పుడు చేరమన్నారు?

అల్లుడు: ఒప్పుకుంటే ఎల్లుండే చేరమంటున్నారు.

మావయ్య: ఎల్లుండా? ఆషాఢంలో ఎవరైనా కొత్త ఉద్యోగంలో చేరతార్రా! శ్రావణం రానీ.

అల్లుడు: శ్రావణంలో నాకు ఆరు పెళ్లిళ్లున్నాయి, అడ్వాన్సులు తీసేసుకున్నాను.

మావయ్య: అయితే అవి అయిపోయాక, భాద్రపదంలో...

నేను: భాద్రపదం శూన్యమాసం కదా మావయ్యగారూ.

మావయ్య మా ఇద్దరి వంకా ఒకసారి చూసి, జేబులోంచి వంద కాగితం తీసి టీ బండి అబ్బాయికి ఇచ్చారు.