అసలు వస్తే చాలు, అమ్మేస్తా

నాలుగేళ్ల పాటు నేను రోజూ అనుకున్న మాట ఇది. ఒక కంపెనీ షేర్లు కొన్నాను. ఏడాది తిరక్కుండానే ధర సగానికి పడింది. నా పెట్టుబడులన్నీ రాసుకునే ఎక్సెల్ షీటులో ఆ వరుసను హైడ్ చేశాను. డిలీట్ చేయడానికి మనసొప్పలేదు. దాంతో షీటు తెరిచినప్పుడల్లా 13 తర్వాత 15 కనిపించేది. చూడకూడదని దాచుకున్నవాడి కన్ను ముందు అక్కడికే పోయేది.

నేను ఎంతకు కొన్నానో ఆ కంపెనీకి తెలియదు, మార్కెట్‌కు అక్కర్లేదు. అయినా ఆ కొన్న ధర శిలాశాసనంలా నా బుర్రలో ఉండిపోయింది. అంతకంటే తక్కువకు అమ్మితే నష్టం 'నిజం' అయిపోతుందట! అమ్మకపోతే మాత్రం డబ్బు ఎక్కడికీ పోనట్టు.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ పెద్దదని డానియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1992లో వాళ్లు వేసిన లెక్కలో అది రెండింతల పైమాటే. టెరెన్స్ ఓడియన్ అనే ఆర్థికవేత్త ఒక అమెరికన్ బ్రోకరేజీలోని 10,000 ఖాతాలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించాడు. జనం లాభంలో ఉన్నవాటిని చకచకా అమ్మేసి, నష్టంలో ఉన్నవాటిని పట్టుకుని కూర్చున్నారు. తమాషా ఏమిటంటే, అమ్మేసిన లాభాల షేర్లు ఆ తర్వాతి ఏడాదిలో, అట్టేపెట్టుకున్న నష్టాల షేర్ల కంటే సగటున 3.4 శాతం మెరుగ్గా నడిచాయి. పంట కోసేసి కలుపుకు నీళ్లు పెట్టడం అన్నమాట.

ఇదంతా మన తలలో జరిగేది. అసలు ఆ షేరు కొనాలన్న ఆలోచన నా తలలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఒక మిత్రుడు నలుగురిలో, "నాకు డబుల్ అయింది గురూ" అన్నాడు. మిగతావి ఏమయ్యాయని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన అబద్ధమాడాడని అనను. పదిమంది తలా పది షేర్లు కొన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఒక్కటే బ్రహ్మాండంగా పెరిగిందనుకోండి. మన చెవిన పడేవి ఆ పది కథలే. మిగతా తొంభై గురించి భార్యకో భర్తకో కూడా తెలియకపోవచ్చు. వాట్సాప్ గ్రూపులో అందరూ గెలుస్తున్నట్టు, మనమొక్కరమే వెనకబడినట్టు అనిపించేది ఇందుకే. ఆ టెన్షన్‌లో కొన్నది పెట్టుబడి అనిపించుకోదు, పరువు ఖర్చు.

నలుగురితో మసలడమే తప్పని అనడం లేదు. ఇరుగుపొరుగుతో మాట్లాడేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు షేర్లలో డబ్బు పెట్టే అవకాశం ఎక్కువని అమెరికా కుటుంబాలపై 2004లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మొదటి అడుగుకు భయం పోగొట్టేది స్నేహితులే. ఏది కొనాలి, ఎంత కొనాలి అన్నది కూడా వాళ్లకే వదిలేసినప్పుడు వస్తుంది తంటా. 'మనవాడే' అన్న మాట దగ్గర మన ప్రశ్నలు ఆగిపోతాయి. కొత్తగా చేరినవాళ్ల డబ్బునే పాతవాళ్లకు లాభమని పంచిన అమెరికన్ పెట్టుబడుల వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్ మోసం 2008లో బయటపడింది. అందులో బాగా నష్టపోయినవాళ్లలో ఆయన సొంత యూదు సమాజంవాళ్లు, వాళ్ల ధార్మిక సంస్థలు ఎందరో ఉన్నారు. చదువుకోనివాళ్లు, తెలివితక్కువవాళ్లు కారు. తెలిసినవాళ్లంతా పెట్టారు కదా, వాళ్లు చూసే ఉంటారులే అనుకున్నారు. ఆ 'వాళ్లు' కూడా అలాగే అనుకున్నారు.

"భావోద్వేగాలు పక్కన పెట్టి పెట్టుబడి పెట్టండి" అనే సలహా నాకు నచ్చదు. పక్కన పెట్టడానికి అవేమైనా చెప్పులా? నాకు పనికొచ్చింది ఒకే ఒక్క ప్రశ్న: ఈ షేరు విలువంత నగదు ఇవాళ చేతిలో ఉంటే, మళ్లీ ఇదే కొంటానా? కొనను. ఆ జవాబు చెప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది, అమ్మడానికి నాలుగు నిమిషాలు. పన్ను లెక్కల్లో ఆ నష్టం కొంత కలిసొచ్చింది కూడా.

మన సంఘానికి ఒక మనవి. పెట్టుబడుల మీద సదస్సు పెట్టిన ప్రతిసారీ గెలిచినవాళ్లనే వేదిక ఎక్కిస్తున్నాం. ఒక్క గంట ఓడినవాళ్లకు ఇవ్వండి. ఏం కొన్నాం, ఎవరి మాట విని కొన్నాం, ఎందుకు అమ్మలేకపోయాం, ఇంతే చెప్పాలి. మొదటి పేరు నాది రాసుకోండి.

అమ్మిన రోజు రాత్రి మా గ్రూపులో నా నష్టం శాతంతో సహా రాసి పెట్టాను. గ్రూపులో ఒక్కరూ పలకలేదు. కాసేపటికి విడిగా ఒక మెసేజ్ వచ్చింది, 'డబుల్ అయింది' అన్న మిత్రుడి నుంచే: "నాది ఇంకా అలాగే ఉంది. అసలు వస్తే అమ్మేద్దామని."