బీరువాలో డబ్బు నిలిచిందా?

మా ఇంట్లో ఒక బీరువా ఉంది. ‘ఉంది’ అని వర్తమాన కాలంలో రాయవలసి రావడమే ఈ వ్యాసానికి మూలం. లెక్క ప్రకారం అది రెండు నెలల క్రితమే ‘ఉండేది’ కావలసింది.

అమ్ముతానని ప్రకటన పెట్టింది నేనే. ఆరున్నర అడుగుల ఇనుప బీరువా, 20 గేజీ రేకు, లోపల లాకరు, తాళంచెవులు రెండు, ఎడమ తలుపు అడుగున అరచేయంత సొట్ట, ధర 6,000 రూపాయలు, వచ్చి తీసుకువెళ్ళాలి. సొట్టకు విడిగా ఒక ఫోటో కూడా పెట్టాను. పెళ్ళికొడుక్కి బట్టతల మొదలైందని ముందే చెప్పేసే మేనమామలాంటివాణ్ణి నేను. అందుకే మా వైపు సంబంధాలు ఆలస్యంగా కుదురుతాయి.

ఆరో నిమిషంలో మొదటి సందేశం వచ్చింది. “ఫైనల్ ఎంత?”

నమస్కారం లేదు, బీరువా ఎలా ఉందన్న ప్రశ్న లేదు, కనీసం ఆ ‘ఎంత’ పక్కన ఒక ‘అండీ’ లేదు. ఆట మొదలుకాకముందే ఫైనల్ అట! పెళ్ళిచూపులకు వచ్చినవాడు గుమ్మంలో చెప్పులు విడవకుండానే “అప్పగింతలు ఎన్నింటికి?” అని అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. 6,000 అని రాసే ఉంది కదా అన్నాను. “అది సరే, ఫైనల్?” అన్నాడు. అంటే నేను ప్రకటనలో రాసింది ధర కాదన్నమాట. అది నా పగటికల. నిజం నా గుండెల్లో ఎక్కడో వేరే దాగి ఉంది, దాన్ని కక్కించాలి.

ఆ సాయంత్రానికి మరో ఏడుగురు తయారయ్యారు. వీరి ప్రశ్న ఇంకా సూక్ష్మమైనది: “ఉందా?” ఉంది అన్నాను. అంతే, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. వీరికి బీరువా అక్కరలేదని, దాని అస్తిత్వం గురించి ఒక భరోసా మాత్రమే కావాలని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒకాయన తన పాత కూలరు ఇస్తాను, బీరువా ఇచ్చి పైన 1,000 రూపాయలు కూడా ఇవ్వండి అన్నాడు. పోనీ, ఆయన కనీసం పూర్తి వాక్యంలో అడిగాడు.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం. ఈయన ఫోను చేశాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. 6,000 దగ్గర మొదలుపెట్టి, తన పిల్లల చదువులు, నా పిల్లల చదువులు, ఇనుము ధర, దేశంలో నిజాయితీ కరువవడం అన్నీ చర్చించి 4,800 దగ్గర ఆగాం. “మాటంటే మాటే సార్, ఆదివారం వచ్చి పట్టుకుపోతాను” అన్నాడు. నేను ఆ రాత్రే బీరువా ఖాళీ చేసి, బట్టలన్నీ మంచం మీద పోసి, అడుగున పరిచిన పాత పంచాంగం కాగితాలు కూడా తీసేశాను. మాటంటే మాట అన్నాడు కదా.

ఆదివారం ఆయన బావమరిదితో వచ్చాడు. బావమరిది చేతిలో టేపు. టేపుతో బీరువా కొలిచాడు, తరువాత మా గుమ్మం కొలిచాడు, తరువాత ఎందుకో నా కంప్యూటర్ బల్ల కూడా కొలిచాడు. వేలి కణుపుతో తలుపు మీద మూడుసార్లు కొట్టి, వైద్యుడు ఛాతీ మీద చెయ్యి వేసి విన్నట్టు విని, “ఇది 22 గేజీ బావా” అన్నాడు. గేజీ అంకె పెరిగిన కొద్దీ రేకు పల్చబడుతుంది కాబట్టి ఇది నా శీలం మీద వేసిన నింద. నేను నొచ్చుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చింది. నింద వేసినవాడే రెండో కప్పు అడిగాడు.

అప్పుడు పెద్దాయన గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న నేను ఈ జన్మలో మరిచిపోలేను. “సార్, ఏమీ అనుకోకండి. ఇందులో డబ్బు నిలిచిందా?”

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా వివరించాడు. బీరువా అంటే ఉత్త ఇనుము కాదు, లక్ష్మీ స్థానం. పాత బీరువా కొంటే పాత ఇంటి రాత కూడా వెంట వస్తుంది. మీరు దీన్ని నైరుతిలో పెట్టారా? తలుపులు ఉత్తరానికి తెరుచుకున్నాయా? నిజానికి మా ఇంట్లో అది పట్టిన ఒకే ఒక్క గోడకు ఆనించి పెట్టాం. అది ఏ దిక్కో ఆ గోడకే తెలియాలి. నా ఇరకాటం చూడండి. డబ్బు నిలిచింది అంటే, “మరి కలిసొచ్చిన బీరువాను ఎందుకు అమ్ముతున్నారు?” అంటాడు. నిలవలేదు అంటే, “దరిద్రపు బీరువా, 1,000 తగ్గించండి” అంటాడు. నేను మధ్యేమార్గంగా “వచ్చింది, పోయింది” అన్నాను. బావాబావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఖరీదెంతో తరువాత తెలిసింది.

తరువాత భార్యకు వీడియో కాల్. ఫోను పట్టుకుని బీరువా చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఆమెకు ఏనుగు రంగు కావాలట, ఇది ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్న సంగతి నాలుగు ఫోటోల్లోనూ ఉంది, కానీ ఆశ అనేది ఒకటి ఉంటుంది కదా మనిషికి. లాకరు తెరిచి చూశారు, మూశారు, మళ్ళీ తెరిచారు. లోపల నా పెళ్ళినాటి పసుపుకొమ్ము ఒకటి దొరికితే శకునం మంచిదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంతా అయ్యాక పెద్దాయన నిట్టూర్చి, “2,500 చేసుకోండి సార్” అన్నాడు.

4,800 ఏమైంది?

“అది ఫోనులో అనుకున్నది కదా.”

దీని తరువాత దింపించే ఖర్చు నేనే పెట్టుకోవాలన్నాడు, బండి మాట్లాడిపెట్టమన్నాడు, హ్యాంగర్లు వదిలెయ్యమన్నాడు. 4,800 మాటేమిటంటే, చేతిలో 3,000 రూపాయలు మాత్రమే తెచ్చానన్నాడు. మిగతాది ఫోనుతో పంపండి అంటే సర్వరు పని చెయ్యడం లేదన్నాడు. ఆ ఫోనులోనే అంతకుముందు పావుగంట వీడియో నడిచింది. చివరికి టేపు చుట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నేను బట్టల కుప్ప పక్కన, మంచం అంచున పడుకున్నాను.

బేరం ఆడటం తప్పని నేను అనడం లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ వ్యవహారంలో రెండు వైపులా కాలుతుందని వాళ్ళకు తెలుసు. అందుకే దానికి ఒక మర్యాద కట్టారు. పశువుల సంతలో దళారులు తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. ఏ వేలు నొక్కితే ఎంతో ఆ ఇద్దరికే తెలుసు. చుట్టూ వందమంది ఉన్నా, ఎవడు ఎంతకు దిగాడో మూడోవాడికి తెలియదు. అంటే బేరంలో ఓడిపోయినవాడి పరువు కూడా తువ్వాలు కిందే ఉండేది. ధర కుదిరి బయానా చేతిలో పడిందంటే తెల్లారి ఎద్దు కుంటిందన్నా మాట వెనక్కి పోయేది కాదు. ఇప్పుడు తువ్వాలు లేదు, వేళ్ళు మాత్రం ఉన్నాయి. అవి రాత్రి పదకొండింటికి “2,000కు ఇస్తావా?” అని కొడుతుంటాయి.

చట్టమైనా ఇదే చెబుతోంది. ప్రతిపాదనకు షరతులు లేని అంగీకారం కలిస్తే ఒప్పందమని 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఉంది. 4,800కు నలభై నిమిషాలు మాట్లాడి ఒప్పుకున్న బావమరిదిగల పెద్దమనిషిని నేను కోర్టుకు లాగవచ్చేమో కూడా. లాగను. అక్కడ వకీలుతో ఫీజు బేరం ఆడాలి.

అన్నట్టు, ఈ రెండు నెలల్లో బేరమే ఆడని మనిషి ఒకరు తగిలారు. “నమస్కారం సార్, నేను సైన్యంలో పనిచేస్తున్నాను, బదిలీ మీద మీ ఊరు వస్తున్నాను, బీరువా నచ్చింది, 6,000 సమంజసమే” అని రాశాడు. నా కళ్ళు చెమర్చాయి. సమంజసం! ఆ మాట విని ఎన్నాళ్ళయింది! బీరువా చూడకుండానే డబ్బు పంపిస్తానన్నాడు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, 6,000 మీ ఖాతాలో పడుతుంది అన్నాడు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, పంపడానికే కావాలి. ఎవడు పిన్ కొట్టమన్నాడో వాడు మీ జేబులో చెయ్యి పెట్టినట్టే. నాకు ఈ సంగతి తెలుసు కాబట్టి 6,000 మిగిలాయి. కానీ మనసు విరిగింది. ఇంత మర్యాదగా మాట్లాడినవాడు ఒక్కడు దొరికితే వాడు దొంగ. సరుకుల అమ్మకం చట్టం 1930లో వచ్చింది. సైబర్ మోసం జరిగితే ఫోను చెయ్యవలసిన నంబరు కూడా 1930. రెండో 1930 తో నాకు అవసరం పడలేదు. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నా బీరువా అమ్ముడుపోకపోతే నాకు పోయేదేమీ లేదు, మంచం మీద కాస్త చోటు తప్ప.

మా వీధి చివర రవికలు కుట్టే ఆమె ఉంది. కూతురి హాస్టల్ ఫీజుకు తన రెండు మిషన్లలో మోటారు ఉన్నదాన్ని అమ్మాలనుకుంది. ప్రకటన నేనే రాసిపెట్టాను. 7,000 అని పెట్టాం. “త్వరగా పోవాలి, అర్జెంటు అని రాయండి అన్నయ్యగారూ” అంది. రాశాను. ఎందుకు రాశానా అని ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆ ఒక్క మాటకు వచ్చిన సందేశాలు చూడాలి! నెత్తురు వాసన తగిలినట్టు వచ్చారు. 3,000. 2,500. ఒకడైతే చాలా మంచిగా మాట్లాడి, ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. వాడు ఆ తేదీ దాకా ఆగాడు. సరిగ్గా ఆ రోజు పొద్దున ఫోను చేసి 2,000 అన్నాడు.

కారులో వచ్చాడు. మిషన్ నున్నగా తుడిచి పెట్టింది ఆమె. దసరాకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు మాత్రం తుడవలేదు, వాటికి చెయ్యి రాలేదు. వాడు వేలు పెట్టి చూపించి “ఈ మరకలు పోతాయా? ఒక వంద తగ్గించుకో” అన్నాడు. మరకలట. ఏళ్ళ తరబడి తిండి పెట్టిన యంత్రానికి ఒక మనిషి పెట్టుకున్న బొట్టు వీడికి మరక! తగ్గించుకున్నాడు కూడా. 1,900 లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె సూదిలోంచి దారం మెల్లగా లాగి, చుట్టుకుని కొంగున ముడి వేసుకుంది. బాబిన్ల డబ్బా, నూనె బుడ్డి కూడా పట్టుకున్నాడు. కత్తెర కూడా దీంతోపాటే వస్తుందా అని అడిగాడు.

ఇది బేరం కాదు. దీనికి బేరం అని పేరు పెట్టుకుని, సాయంత్రం ఇంటికి వెళ్ళి “7,000 మిషన్ 1,900కు కొట్టుకొచ్చాను” అని చెప్పుకుంటారు చూడండి, ఆ గొప్ప చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. కొట్టుకొచ్చాను అన్న మాట మాత్రం సరిగ్గానే వాడారు. ఎదుటివాడి అవసరం ఎంత లోతో కనుక్కుని, అంత లోతుకూ చెయ్యి పెట్టేవాడికీ ఆ క్యూఆర్ కోడ్ పంపినవాడికీ ఉన్న తేడా ఒక్కటే: ఆ రెండోవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఒక నంబరు ఉంది.

“పోనీలెండి అన్నయ్యగారూ, ఇంకో మిషన్ ఉంది కదా” అంది ఆమె. కాలితో తొక్కేది. మిగిలిన ఫీజు ఎక్కడ పుట్టించిందో నేను అడగలేదు.

నిన్న రాత్రి బీరువా పెద్దమనిషి మళ్ళీ సందేశం పెట్టాడు. “ఉందా సార్? ఫైనల్ ఎంత?”

7,000 అని రాశాను.

వెంటనే ఫోను మోగింది. గొంతులో నిజమైన బాధ. “అదేమిటి సార్, మీరు 6,000 అన్నారు కదా! మనిషన్నాక మాట మీద నిలబడాలి కదండీ?”