దెబ్బ తగిలినోన్ని ఇంకెన్నేండ్లు ఆడిపిస్తరు

మ్యాచ్ మధ్యల ఒక ప్లేయర్‌కి ఎముక విరిగితే వాని బదులు ఇంకో ప్లేయర్‌ని దింపనియ్యాలె, దిగినోన్ని ఉత్త ఫీల్డింగ్‌కే కాదు బ్యాటింగ్‌కి బౌలింగ్‌కి కూడా రానియ్యాలె. ఈ విషయంల మా పత్రికకి డౌటేం లేదు. టెస్ట్ మ్యాచ్ అయినా సరే, మన సుబేదారి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ల ఆడే మ్యాచ్ అయినా సరే, న్యాయం ఒక్కటే ఉండాలె.

2025 జూలైల మాంచెస్టర్ టెస్టు అందరికీ యాదికే ఉంటది. ఇంగ్లండ్ బౌలర్ వోక్స్ బాల్‌ని రివర్స్ స్వీప్ కొట్టబోతే మన పంత్ పాదానికి తగిలి ఎముక విరిగింది, 37 మీద ఉండంగ బయటికి తీస్కపోయిన్రు, తెల్లారి కుంటుకుంట మళ్ల వచ్చి 54 దాకా కొట్టిండు. తర్వాతి టెస్టు ఓవల్‌ల అదే వోక్స్ ఫీల్డింగ్ చేస్కుంట పడితే భుజం జారింది. ఆఖరి రోజు ఇంగ్లండ్‌కి ఇంక 17 రన్స్ కావాలె అన్నప్పుడు, చెయ్యి స్వెటర్ లోపల కట్టుకొని పదకొండోడిగ దిగిండు, ఒక్క బాల్ కూడా ఆడే పని పడలేదు గని అవతలి ఎండ్‌కి ఉరికినప్పుడల్లా నొప్పికి వాని మొఖం ఎట్ల అయ్యిందో టీవీల చూసినం. మన సిరాజ్ అట్కిన్సన్‌ని బౌల్డ్ చేసిండు, 6 రన్స్‌తో గెలిచినం, సంబురం చేస్కున్నం, చేస్కోవాలె కూడా. కానీ ఆ జారిన భుజానికి ఒక బౌన్సర్ తగిలి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకుండ ఉత్తగ చప్పట్లు కొట్టుడు మాత్రం మాకు మంచిగనిపియ్యలె.

ఇంటర్నేషనల్ క్రికెట్ల ఉన్న రూల్ ఏందంటే, దెబ్బ తగిలినోని బదులు వచ్చినోడు ఫీల్డింగ్ చేయొచ్చు, 2017 నుంచి అంపైర్లు ఒప్పుకుంటే కీపింగ్ కూడా చేయొచ్చు, బ్యాట్ పట్టొద్దు బాల్ వెయ్యొద్దు. మన గ్రౌండ్లల్ల బై రన్నర్, అంటే దెబ్బ తగిలిన బ్యాట్స్‌మన్ బదులు ఉరికేటోడు, ఇంకా నడుస్తది గని ఇంటర్నేషనల్ క్రికెట్ల 2011 అక్టోబర్ నుంచి అది కూడా తీసేసిన్రు. తలకి తగిలితే మాత్రం 2019 ఆగస్టు నుంచి పూర్తి బదులు దొరుకుతది. ఆర్చర్ బౌన్సర్ తగిలిన స్మిత్ స్థానంల లబుషేన్ వచ్చి 59 కొట్టింది ఆ రూల్ కిందనే. 2014ల బౌన్సర్ తగిలి ఫిలిప్ హ్యూస్ పానం పోయినంక కూడా ఆ ఒక్క రూల్ రానీకి ఐదేండ్లు పట్టింది. తలకి ఇచ్చిన న్యాయం కాలు విరిగినోనికి ఎందుకు ఇయ్యరో మాకు అర్థం కాదు.

పాతది ఒకటి చెప్పుకోవాలె. 1976ల జమైకాల మన టీమ్ సెకండ్ ఇన్నింగ్స్ 97కే అయిపోయింది, పడ్డ వికెట్లు మాత్రం ఐదే. మిగిలిన ఐదు పేర్ల పక్కన స్కోర్‌కార్డుల ఆబ్సెంట్ హర్ట్, అంటే దెబ్బ తగిలి ఆడనీకి రాలేదు, అని ఉంటది. గైక్వాడ్‌కి చెవి దగ్గర తగిలింది, విశ్వనాథ్‌కి వేలు విరిగింది, ఆడేటోళ్లు లేక ఇన్నింగ్స్ అక్కడికే ముగిసింది, వెస్టిండీస్‌కి 13 రన్స్ టార్గెట్ మిగిలింది. గెలుపోటములు బ్యాటు బాలు చెప్పాలె గని ఎవరి ఎముకలు ఎన్ని మిగిలినయ్ అన్న లెక్క కాదు కదా.

ఇంక మన తెలుగోడు హనుమ విహారి. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్ల ఆంధ్ర తరఫున ఆడుతుంటే ఆవేశ్ ఖాన్ బాల్‌కి ఎడమ మణికట్టు విరిగింది, ఆ చెయ్యిని కాపాడుకుందామని లెఫ్ట్ హ్యాండర్ లెక్క నిలబడి ఒంటి చేత్తోని బ్యాటింగ్ చేసిండు. ఆంధ్ర ఓడింది. విహారి ధైర్యానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే, మా కోపం ఆయన మీద కాదు, ఆయనకి ఇంకో దారి లేకుండ చేసిన రూల్ మీద.

ఎందుకంటే ఆ వీడియోలు చూసేది మన పోరగాళ్లు. హన్మకొండల, కాజీపేటల మ్యాటింగ్ వికెట్ మీద లేచిన బాల్ బొటనవేలికి తగిలితే వాడు గ్లవ్ తియ్యడు, లోపలనే వేలు వంచి చూస్కుంటడు. గ్లవ్ తీస్తే వాపు కనపడ్తది, వాపు కనపడ్తే సార్ బయటికి పిలుస్తడు, తను పోతే టీమ్ల ఒకడు తక్కువైతడు. అందుకే స్ప్రే కొట్టించుకొని టేప్ చుట్టుకొని మళ్ల నిలబడ్తడు, ఇంట్ల అమ్మకి కూడా చెప్పడు, రెండు వారాలైనంక ఎక్స్‌రే తీస్తే ఎముక వంకరగ అతుక్కొని ఉంటది. ఆ వయసుల చెయ్యి పాడైతే ఆటే కాదు, రాసుడు, బండి నడుపుడు, రేపటి కొలువు అన్నీ దాంతోనే ముడివడి ఉన్నయ్. పిల్లలు నొప్పి దాచుకునేటట్టు చేసే రూల్‌ని ఆట గొప్పతనం అని మేమైతే ఒప్పుకోం.

దుర్వినియోగం అయితది అనే మాటకి బలముంది, అది మేం కొట్టిపారేయం. 2025 జనవరిల పుణెల ఇంగ్లండ్‌తోని టీ20ల తలకి తగిలిన శివమ్ దూబే బదులు హర్షిత్ రాణాని దింపితే ఆల్‌రౌండర్ పోయి అసలైన ఫాస్ట్ బౌలర్ వచ్చిండు, 3 వికెట్లు తీసిండు, ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్‌కి కోపమొచ్చింది, అది సరైన బదులని మాకు కూడా అనిపియ్యలె. ఎవర్ని ఎంఆర్ఐల పెట్టినా ఏదో ఒకటి దొరుకుతది అన్నట్టు ఇంగ్లండ్ ప్లేయర్ స్టోక్స్ మాట్లాడింది కూడా నిజమే. అందుకే కండరం పట్టేసింది, నడుం నొప్పి అనేటివి ఇప్పటికి పక్కన పెట్టాలె, బయటి దెబ్బతోని విరిగింది, జారింది, లోతుగ తెగింది అని కండ్లకో ఎక్స్‌రేకో కనపడేవాటికే బదులు ఇయ్యాలె. బ్యాట్స్‌మన్‌కి బ్యాట్స్‌మన్, బౌలర్‌కి బౌలర్ రావాలె, నిర్ణయం టీమ్ డాక్టర్‌ది కాకుండ రిఫరీది ఉండాలె. అన్నిటికంటే ముఖ్యం, బయటికి పోయినోడు కొన్ని దినాలు ఏ మ్యాచూ ఆడొద్దు. తలకి తగిలే దెబ్బకి, అంటే కంకషన్‌కి, ఐసీసీ కనీసం 7 రోజులు పెట్టింది, విరిగిన ఎముకకి ఇంకా ఎక్కువే పెట్టొచ్చు, అట్ల పెడితే దొంగ దెబ్బలు చూపిచ్చేటోడు వాడంతట వాడే తగ్గుతడు.

ఇదేం కుదరని పని కూడా కాదు. బీసీసీఐ 2025-26 సీజన్ నుంచి రంజీ లాంటి నాలుగు రోజుల మ్యాచులల్ల ఇట్లాంటి రూలే తెచ్చింది. అంటే రంజీ ఆడే హైదరాబాద్ టీమ్‌కి ఆ రక్షణ వచ్చినట్టే. ఆ టీమ్ల చోటు కోసం వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి బస్సులెక్కి పోయే పిల్లలకి కూడా కింది లీగుల నుంచే అది కావాలని మేం హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని అడుగుతున్నం. దసరాకి, సంక్రాంతికి టోర్నమెంట్లు పెట్టేటోళ్లని కూడా అడుగుతున్నం. కప్పుకి, మైకుకి, ఫ్లెక్సీలకి పైసలు పెడుతున్నరు కదా, గ్రౌండ్ కాడ ఒక ఫస్ట్ ఎయిడ్ తెలిసినోన్ని, దవాఖానకి తీస్కపోనీకి ఒక బండిని పెట్టున్రి, టాస్ వేసేటప్పుడే బదులు ప్లేయర్ల పేర్లు రెండు టీమ్‌ల దగ్గర రాయించుకోన్రి, దెబ్బ తగిలి బయటికి పోయినోన్ని ఆ టోర్నమెంట్ అయిపోయేదాకా మళ్ల దింపకున్రి.