రంగు గురించి చెబితే అందం గురించి ఓదారుస్తామా?

నల్లగా ఉన్నందుకు తనకేం జరిగిందో ఒకమ్మాయి నోరు తెరిచి చెబితే, విన్నవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "అదేంటమ్మా, నీది ఎంత కళ గల ముఖమో!" ప్రేమతోనే అంటారు. కానీ ఆమె తన ముఖానికి మార్కులు వేయమని అడగలేదు. సంబంధం తప్పిపోయిందనో, ఉద్యోగం ఇవ్వలేదనో, కట్నం పెంచారనో చెప్పింది. జరిగిన అన్యాయం వదిలేసి మనం మళ్లీ ఆమె ముఖమే చూశాం.

మన దగ్గర రంగుకు డబ్బు లెక్క ఉంది. "పిల్ల రంగు కాస్త తక్కువ" అన్న మాట వచ్చాక బేరం ఎటు పోతుందో విజయవాడ, గుంటూరుల్లో పెళ్లీడు ఆడపిల్ల ఉన్న ఏ ఇంటికైనా తెలుసు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా రంగు తక్కువకు పరిహారంగా స్థలమో బంగారమో కలుపుతూనే ఉన్నారు. అబ్బాయి నలుపైతే మాత్రం "మగాడికి రంగేంటి?" అని తేల్చేస్తారు. అమెరికాలో చర్మం రంగు చూసి తనను చిన్నచూపు చూశారని బాధపడే అబ్బాయికి కూడా ఇక్కడ తెల్లటి పిల్ల కోసమే వెతుకుతారు. అక్కడి అవమానం నిజమే. ఇక్కడ అవతలి ఇంటి పిల్లకు జరిగేది కూడా అదేనని అతను ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

ఇలాంటి విషయం సొంత గొంతుతో ఎలా చెప్పవచ్చో కేరళ చీఫ్ సెక్రటరీగా ఉన్నప్పుడు శారదా మురళీధరన్ చూపించారు. ఆమెకు ముందు అదే కుర్చీలో ఆమె భర్త ఉన్నారు. ఆయన హయాం ఎంత తెలుపో ఈమె హయాం అంత నలుపని ఎవరో అన్నారట. 2025 మార్చిలో ఆమె దాని గురించి ఫేస్‌బుక్‌లో రాసి, స్పందనల తాకిడికి తీసేసి, చర్చ జరగాలని కొందరు చెప్పడంతో మళ్లీ పెట్టారు. నన్ను మళ్లీ కడుపులో పెట్టుకుని తెల్లగా కనవా అని నాలుగేళ్లప్పుడు అమ్మను అడిగిన సంగతీ రాశారు. రాష్ట్రంలో ఐఏఎస్‌లందరికీ పైన ఉన్న ఆవిడ పనిని కూడా రంగుతో కొలిచారంటే, షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగానికి వెళ్లిన అమ్మాయికి "చూడ్డానికి బాగుండాలి" అనే షరతు ఎంత బరువో ఆలోచించండి.

ఎవరూ చెప్పుకోకపోవడం వల్ల ఒంటికీ హాని జరుగుతోంది. తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు వస్తాయి, మానేస్తే మంట. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు అమ్మొద్దని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. పాడైన ముఖాన్ని చున్నీ చాటున దాచుకుని ఒకమ్మాయి ఊరుకుంటే, పక్కింటి పిల్ల వెళ్లి అదే ట్యూబు కొంటుంది.

ఇక్కడే కులం గురించి కూడా చెప్పాలి. చాలా మంది రాయకుండా దాటేసేది దాన్నే. నాది చామనఛాయ. సున్నిపిండి సలహాలు, "అమ్మ రంగు రాలేదు" అన్న నిట్టూర్పులు వింటూ పెరిగాను. బాధపడ్డాను. కానీ అద్దె ఇంటికి వెళ్లినప్పుడు "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్నకు నా జవాబు వినగానే తాళాలు చేతిలో పెట్టారు. నా దళిత స్నేహితురాలు నాకంటే తెల్లగా ఉంటుంది. "మీరు వాళ్లలా కనిపించరండీ" అని ఆమెతో పొగడ్తగా అంటారు, ఇల్లు మాత్రం దొరకదు. మా ఇద్దరి అనుభవాలనూ కలిపి రంగు వివక్ష అని ఒకే పేరు పెడితే, ఆమెకు జరిగినదాంట్లో పెద్ద భాగం కనపడకుండా పోతుంది. తెలుగులో స్త్రీవాద కవయిత్రులు శరీరం గురించి రాసినప్పుడు దాన్ని నీలి కవిత్వమని, అంటే బూతు అని, కొందరు తిట్టారు. ఆ తిట్లు కాచుకుని వాళ్లు తెచ్చిన చోటు చాలా గొప్పది. అయితే ఆ కవిత్వంలో తమ ఒళ్లు, తమ చాకిరీ లేవని దళిత స్త్రీలు నిలదీయడమూ అంతే అవసరమైంది.

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లను తలుచుకోండి. వాళ్లను ఒంటి గురించి చెప్పమంటే చేతుల మంట, కళ్ల నీళ్లు, రాత్రి నిద్ర పట్టనివ్వని దగ్గు గురించి చెబుతారు. ఎండకు కమిలిన రంగు గురించి కూడా చెబుతారేమో, కానీ అది చివర్న. మనం శరీరం గురించి పెట్టుకునే సభల్లో అద్దంలో కనిపించే శరీరమే ఉంటోంది, పనికి వెళ్లే శరీరం ఉండటం లేదు. వాళ్లకు మైకు ఇస్తే అసలు విషయమే మారుతుంది.

ఇవన్నీ ఇంటి గుట్టు, బయట రాసుకోవడం ఏంటని పెద్దవాళ్లు కోప్పడతారు. పెళ్లిచూపులకు ముందే ఆ పిల్ల ఫొటో మధ్యవర్తుల ఫోన్లలో తిరుగుతుంది. ఆమె రంగు, ఎత్తు, లావు గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లు మాట్లాడుకుంటారు. అప్పుడు ఎవరికీ గుర్తురాని గుట్టు, ఆ పిల్ల తానే రాస్తానన్నప్పుడు మాత్రం ఎందుకు గుర్తొస్తోందో వాళ్లే చెప్పాలి.