సీసాల ఉన్నది చెట్టు కల్లేనా?

“కల్లు చెట్టు ఇచ్చిన అమృతం, కిడ్నీల రాళ్లు కరుగుతయి. 2015ల కల్లు మానినోళ్లకే ఫిట్స్ వచ్చినయి, తాగినోళ్లు మంచిగనే ఉన్నరు. అంటే అది ఒంటికి అవసరమే కదా!” పాలమూరు, నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా చుట్టాల గ్రూపులోనే ముగ్గురు పంపారు. మూడోసారికి ఊరుకోబుద్ధి కాలేదు.

చెట్టు కల్లు సంగతి ముందు చూద్దాం. పొద్దున దింపిన లొట్టిలో నురగ, అందులో తేలే తేనెటీగలు, తియ్యని వాసన. సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. మరి దుకాణంలో రాత్రి తొమ్మిదింటికి తీసిన సీసా అంతే తియ్యగా ఎట్లుంటుంది? తీపి కోసం కలిపే రసాయనం శాకరిన్ పుణ్యం. మా ఊరి గట్ల మీద మిగిలిన ఈదులు ముప్పై దాటవు, అమ్ముడుపోయే సీసాలకు మాత్రం లెక్కలేదు. నీళ్లు, మత్తు పొడి కలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది. మోకు కట్టుకుని ప్రాణానికి తెగించి చెట్టెక్కే గీత కార్మికుణ్ని నేననడం లేదు. ఈ పొడి వల్ల ముందు దెబ్బతిన్నది ఆయన గిరాకే.

ఆ పొడి ఆల్ప్రాజోలం, డైజిపాం, లేదా క్లోరల్ హైడ్రేట్. మూడూ మత్తు, నిద్ర తెప్పించే మందులే. ఆల్ప్రాజోలం డాక్టరు రాస్తే మామూలుగా పావు, అర మిల్లీగ్రాము మాత్ర. డ్రమ్ములో చేత్తో పోసేవాడు ఏ తూకం చూస్తాడు? కల్లులోని ఆల్కహాలూ ఈ మందూ రెండూ ఊపిరిని మందగింపజేసేవే, కలిస్తే ప్రాణానికే ఎసరు. 100 గ్రాముల ఆల్ప్రాజోలం దాటి పట్టుబడితే కనీసం పదేళ్ల జైలు. అమృతంలో కలిపేది ఇదీ!

రాళ్లంటారా? తాగితే మూత్రం ఎక్కువ వస్తుంది, అంతే. మంచినీళ్లు తాగినా వస్తుంది.

ఇక ఫిట్స్. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగి పొడి దొరక్క పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఆస్పత్రులకు వరుస కట్టిన మాట నిజమే. రోజూ మత్తు మందు పడుతుంటే మెదడు దానికి ఎదురు తన్నడం నేర్చుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ తన్ను ఒక్కటే మిగులుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, లేనివి కనబడతాయి. మా పెద్దబాపు వరుసాయన మంచం మీద కూచుని చొక్కా మీద లేని చీమల్ని దులుపుకున్నాడు. మూడోనాడు ఫిట్స్. “ఒక్క సీసా పోయుండ్రి, తగ్గుతది” అన్నారు ఇంటిపక్కోళ్లు. పోశారు, తగ్గింది కూడా! మెసేజ్ రాసినాయన చూసింది ఈ తగ్గడాన్నే. తగ్గించింది కల్లు కాదు, అందులోని పొడి. ఆస్పత్రిలోనూ ఆ జాతి మందే ఇస్తారు, కాకపోతే కొలిచి, మెల్లగా తగ్గిస్తూ.

అందుకే రోజూ తాగే మనిషి చేతిలోంచి సీసా గుంజుకుని “రేపటినుంచి బంద్” అనకండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, లేదంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి అడగండి. మా పెద్దబాపుకు పూర్తిగా మానడానికి ఆరు వారాలు పట్టింది.